తల్లి - చదువు - తీరిక

రచయిత ఏమి రాయాలి, ఎవరి పక్షాన నిలబడి రాయాలి అనే ప్రశ్నలను మన విమర్శకులు ఎంతో కాలంగా చర్చిస్తున్నారు. ఆ చర్చ అవసరమైనదే. అయితే రాసినదాన్ని ఎవరు చదువుతున్నారు, ఎప్పుడు చదువుతున్నారు, చదివే ఆ గంట వాళ్ళకు ఎక్కడినుంచి వచ్చింది అనే ప్రశ్న మాత్రం మన వ్యాసాలలో అరుదుగా కనబడుతుంది. "పాఠకుడు" అనగానే మనకు తోచే మనిషి మగవాడు; పడకకుర్చీలోనో, హాస్టలు గదిలోనో కూర్చుని ఉంటాడు; అతనికి కాఫీ ఎవరో తెచ్చి ఇస్తారు. ఆ తెచ్చి ఇచ్చే మనిషి కూడా పాఠకురాలు కావచ్చుననే సంగతి మన విమర్శ సిద్ధాంతంలో ఇంకా చోటు చేసికొనలేదు.

నేను రచయిత్రిని కాను. ఇద్దరు పిల్లల తల్లిని. 1983లో డొంకరాయి విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టిన కొత్తలో, మావారి ఉద్యోగం కారణంగా ఆ కాలనీకి వెళ్ళి, చాలా సంవత్సరాలు అక్కడ కాపురం చేశాను. మాచ్‌ఖండ్ అనే పేరుతో బయలుదేరిన నది సీలేరు అయి, ఈ కొండల మధ్యగా దిగి, శబరిలో కలుస్తుంది. ఆ నీటిని డొంకరాయి దగ్గర ఆనకట్ట కట్టి ఆపారు. అక్కడి కేంద్రం శక్తి 25 మెగావాట్లు. ఆ నీరే కాలవలో పోయి మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు కేంద్రంలో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతుంది. ఇటు భద్రాచలం, అటు చింతపల్లి మీదుగా విశాఖపట్నం. రెండూ దూరమే. వారపత్రిక బస్సులో రావలసిందే; వానాకాలంలో కొండచరియ విరిగి దారి మూసుకుపోతే ఆ వారం సీరియల్ వచ్చే వారానికిగాని చేరదు.

అలాంటి చోట చదువు అలవాటు పెరుగుతుందని మిత్రులు అనుకొంటారు. "ప్రశాంతమైన చోటు, బోలెడంత తీరిక" అని బంధువులు నాకు ఉత్తరాలు కూడా రాశారు. ప్రశాంతత నిజమే. తీరిక సంగతి వేరు. మావారు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకొంటే, ఆయన నిద్ర చెడకుండా పిల్లల అల్లరి ఆపడం నా పని. ఆయన ఎనిమిది గంటలు పనిచేస్తే ఆ పనికి ఒక లెక్క ఉండేది. రిజిస్టరులో సంతకం ఉండేది. నా పనికి మొదలూ తుదీ ఉండేది కాదు. నేను ఎక్కువగా చదివినది పొయ్యి దగ్గర. పాలు పొంగే లోపల రెండు పేజీలు, అన్నం వార్చే లోపల మరి రెండు. నా పుస్తకాలలో చాలావాటికి పసుపు మరకలు ఉన్నాయి.

ఒకసారి పిల్లవాడి బడి కాగితంలో తల్లి వృత్తి, తల్లి అభిరుచులు అని రెండు గళ్ళు ఉన్నాయి. మొదటి గడిలో "ఏమీ లేదు" అని మావారు రాశారు. ఆయన దుర్మార్గుడై రాయలేదు. లోకం రాసే మాట రాశారు. రెండవ గడిలో "అల్లికలు, తోటపని, చదవడం" అని నేను రాశాను. తరవాత ఆలోచిస్తే అనుమానం కలిగింది. నేను అల్లిన స్వెట్టర్లు ఆ కొండ చలిలో పిల్లలు తొడుక్కొన్నారు. కొన్నట్టయితే డబ్బు అయ్యేది. పెరట్లో వేసిన బీర, చిక్కుడు, వంకాయ కూరకే వచ్చాయి. మగవాడి అభిరుచి ఇంటి ఖర్చును పెంచుతుంది, ఆడదాని అభిరుచి తగ్గిస్తుంది! అంటే ఇంటి పనిలో కాస్త ముచ్చటగా కనబడే భాగానికి మనం అభిరుచి అని పేరు పెట్టాము. ఆ మూడింటిలో ఇంటికి కొంచెమైనా అక్కరకురానిది, కేవలం నా కోసం చేసికొనేది, చదవడం ఒక్కటే. అందుచేతనే కాబోలు, పుస్తకం పట్టుకొన్నప్పుడు ఎవరైనా వస్తే దాన్ని కొంగు కింద పెట్టుకొనేదాన్ని. అల్లిక సూదులను ఎన్నడూ దాచలేదు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 2019లో భారత ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు నూటికి ఇరవై ఆరుగురే. వారు వెచ్చించేది 97 నిమిషాలు. సాహిత్యానికీ ఈ అంకెలకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. సాహిత్యం చదవడానికి పట్టే కాలం ఈ నిమిషాలలోనుంచే రావాలి గనుక సంబంధం ఉన్నది.

ఇప్పుడు మన సాహిత్యంలో చదివే స్త్రీని చూద్దాం. బండారు అచ్చమాంబ బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొంటూంటే పక్కన కూర్చుని నేర్చుకొని, 1901 నాటికి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాయగలిగిన మనిషి అయింది. 1910లో గురజాడ "దిద్దుబాటు"లో కమలిని ఉత్తరం రాసి మగని దారి మళ్ళించింది. స్త్రీ చదువు మన ఆధునిక సాహిత్యపు పునాదులలోనే ఉన్నదన్నమాట. కాని కమలిని తల్లి అయిన తరవాత పుస్తకం పట్టుకొన్నదా? ఆ కథ ఎవరూ రాయలేదు. ఆ తరవాతి అభ్యుదయ కథలలో తల్లి చాలాసార్లు వచ్చింది. ఎక్కువ భాగం దగ్గుతూ, పస్తులుంటూ, జైలుకు వెళ్ళిన కొడుకు కోసం గుమ్మంలో ఎదురుచూస్తూ వచ్చింది. ఆమె బాధ నిజం. ఆమెకు ఒక అభిప్రాయం, ఒక పుస్తకం, ఒక పనికిమాలిన సరదా ఉండవచ్చునని మాత్రం రచయితలకు తోచలేదు.

ఆ ఖాళీలోకి వారపత్రికల నవల వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ"తో 1960లలో మొదలైన ఆ గాలిని మన విమర్శకులు ఒక్క మాటతో కొట్టివేశారు: మధ్యతరగతి ఆడవాళ్ళ కాలక్షేపం, మత్తుమందు అన్నారు. ధనికుడైన నాయకుడు వచ్చి సమస్యను తీర్చడం సమస్యకు పరిష్కారం కాదు. ఆ మాటలో నాకు భేదాభిప్రాయం లేదు. కాని ఆ నవలలను మా కాలనీలో చేతులు మారి మారి అట్టలు ఊడేదాకా ఎందుకు చదివామో చెప్పవలసిన బాధ్యత విమర్శకునిదే. నేను గమనించిన కారణం ఒకటి చెబుతాను. అలాంటి నవలలలో నాయికకు కోపం వస్తే దానిని ఒకరు పట్టించుకొంటారు. ఆమె తిన్నదా లేదా అని ఒకరు కనిపెట్టి చూస్తారు. అందరికీ వడ్డించి, చివర అడుగూ బొడుగూ తినే మనిషికి అది కారు కంటే, మేడ కంటే పెద్ద ఆకర్షణ. ఆ ఆకలి నిజమైనది. దానికి ఆ నవల పెట్టిన అన్నం కడుపు నింపదు, అంతే. ఆకలిని తిట్టి ప్రయోజనం లేదు.

ఇద్దరు రచయిత్రులు ఈ ఆకలిని గుర్తించారు. మాలతీ చందూర్ వంటల పుస్తకం రాసినందుకు నవ్వినవాళ్ళున్నారు. ఆ చేతులతోనే ఆమె "పాత కెరటాలు" శీర్షికలో లోకంలోని పెద్ద నవలలను నెలకొకటిగా మా వంటింటికి తెచ్చింది. సంగ్రహం మూలం కాదని నాకూ తెలుసు; కాని మూలం మా బస్సులో వచ్చేది కాదు. రంగనాయకమ్మ మరొక దారి పట్టింది. "స్వీట్ హోం"లో విమల, బుచ్చిబాబుల కాపురంతో మమ్మల్ని నవ్వించి, తరవాత మార్క్స్ "కాపిటల్"ను తెలుగువాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి పూనుకొన్నది. ఇంటిపని అనే ప్రశ్నను సిద్ధాంతంలోకి లాక్కొనివచ్చింది. నవ్వుతూ చదివిన పాఠకురాలే ఆ తరవాతిదీ చదవగలదని ఆమె నమ్మింది.

ఇక గోర్కీ "అమ్మ" సంగతి. క్రొవ్విడి లింగరాజు 1930లలోనే తెలుగు చేసిన ఆ నవల మన ఉద్యమంలో చదవని ఇల్లు లేదు. నేను పెళ్ళికి ముందే చదివాను. డొంకరాయిలో మళ్ళీ చదువుతున్నాను. మా ఇంట్లో అంట్లు తోమి, నీళ్ళు పట్టడానికి పక్క గూడెంనుంచి ఒక కొండరెడ్డి స్త్రీ వచ్చేది. నా వయసే, నాకంటే ఒక బిడ్డ ఎక్కువ. వేసవిలో అడ్డాకులు కుట్టేది, చింతపండు కొట్టేది, కొండచీపుళ్ళు కట్టి సంతకు మోసేది. మిగిలిన పొద్దులో మా ఇంటి పని. ఒకరోజు ఆమె, "ఏముందమ్మా ఆ బొక్కులో, అన్నం మాడుతున్నా సూడవు?" అని అడిగింది. కథ చెప్పాను. మొగుడి చేత తన్నులు తిన్న నీలోవ్నా, నలభై ఏళ్ళకు రహస్యంగా అక్షరాలు కూడబలుక్కోవడం చెప్పాను. కార్మికులకు తిండి అమ్మే ఆవిడ దగ్గర కూలికి కుదిరి, కూటి కుండలతోబాటు కరపత్రాలను ఫ్యాక్టరీలోకి చేరవేసిన ఘట్టం చెబుతున్నప్పుడు నా గొంతు కొంచెం వణికింది కూడా.

ఆమె బూడిద చెయ్యి ఆపి అడిగింది: "మరి ఆ కుండలు మోసినందుకు ఆయమ్మకి కూలెంత ఇచ్చారు?"

నాకు జవాబు తెలియలేదు. రెండుసార్లు చదివాను, వ్యాసాలు చదివాను, గోష్ఠులలో విన్నాను. కరపత్రాలను గురించే అందరమూ మాట్లాడాము. ఆ కుండల బరువును గురించి ఎవరమూ మాట్లాడలేదు. ఆ నవలలో గోర్కీ చేసిన గొప్ప పని అక్కడే ఉన్నదని నాకు అప్పుడు తెలిసింది: ఆడదాని రోజువారీ చాకిరీని ఆయన పక్కకు తోసివేయలేదు, విప్లవం ఆ చాకిరీ దారినే ఫ్యాక్టరీలోకి నడిచింది. కావలివాళ్ళు ఆమెను అనుమానించకపోవడానికి కారణం, కూడు మోసే ఆడదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే. ఈ అర్థం నాకు చెప్పిన మనిషికి అక్షరం రాదు. కూలి చేసే కళ్ళతో ఆమె కథ విన్నది, నేను తీరిక కళ్ళతో చదివాను.

ఇక్కడ నన్ను నేను విమర్శించుకొనక తప్పదు. తీరిక ఎక్కడినుంచి వచ్చిందని ఈ వ్యాసం మొదట్లో అడిగాను. నాకు దొరికిన ఆ గంట మావారు ఇచ్చినది కాదు, నాగరికత ఇచ్చినది కాదు. ఆ గంటను ఆమె నాకు అమ్మింది. చాలా చౌకగా అమ్మింది. తన పిల్లలకు కథ చెప్పవలసిన పొద్దులో నా అంట్లు తోమింది. నేను కరెంటు దీపం కింద చదివాను. ఆమె గూడెంలో ఆ రోజుల్లో కిరసనాయిలు బుడ్డి వెలిగేది. ఆడవాళ్ళ చదువును గురించి మాట్లాడే మధ్యతరగతి తల్లులం ఈ లెక్క దాచిపెట్టి మాట్లాడకూడదు. మగవాడు మన చాకిరీ మీద చదువుకొన్నాడని అనడానికి మనకు హక్కు ఉన్నది. మనం ఎవరి చాకిరీ మీద చదువుకొన్నామో చెప్పవలసిన బాధ్యత కూడా ఆ హక్కుతోనే వస్తుంది.

"అయితే చదవడం మానుకోవాలా?" అని నా కూతురు అడిగింది. మానుకోకూడదు. అమెరికాలో టిల్లీ ఓల్సెన్ అనే రచయిత్రి కూలిపనులు చేసి, నలుగురు ఆడపిల్లలను పెంచి, దాదాపు యాభై ఏళ్ళ వయసులో, 1961లో, మొదటి కథల సంపుటి తెచ్చింది. రాయవలసినవాళ్ళు రాయలేకపోయిన నిశ్శబ్దాలను గురించి 1978లో ఒక పుస్తకమే రాసింది. రాయలేకపోయినవాళ్ళ నిశ్శబ్దం వంటిదే చదవలేకపోయినవాళ్ళ నిశ్శబ్దం. దానికి కారణం శక్తి లేకపోవడం కాదు, గంట లేకపోవడం. గంటలను పంచడం రాజకీయమైన పని.

మన ఉద్యమం ఈ విషయంలో చేయవలసినది ఉన్నది. కొన్నాళ్ళ తరవాత మైదానంలో ఒక సాహిత్య గోష్ఠికి వెళ్ళాను. విషయం "సాహిత్యంలో శ్రామిక స్త్రీ". సాయంత్రం ఆరు గంటలకు పెట్టారు. అది పొయ్యి వెలిగించే వేళ. ఉపన్యాసాలు సాగుతున్నంతసేపూ లోపలి గదిలో ముగ్గురు స్త్రీలు టీ కాస్తూనే ఉన్నారు. నేను లేచి వెళ్ళి వాళ్ళతో కూర్చున్నాను. అక్కడి చర్చ బాగున్నది. సభ నడిపినవాళ్ళ చిత్తశుద్ధిని శంకించడం లేదు. వాళ్ళకు గడియారం ఒక్కటే తెలుసు, అది మగవాడి గడియారం అని మాత్రం అంటున్నాను.

పుస్తకాన్ని పాఠకుని దగ్గరకు తీసుకువెళ్ళడం మనకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపించాడు. కాలవ గట్టున నీళ్ళకు వచ్చినవాళ్ళకు పుస్తకం అందింది. కొండకు పడవ రాదు; బస్సు వస్తుంది, సంత జరుగుతుంది. సంతలో ఉప్పు, ఎండుచేప అమ్మే చోట పుస్తకం ఎందుకు ఉండకూడదు? ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి కోయ, కువి, సవర మొదలైన భాషలలో చిన్నపిల్లలకు వాచకాలు తయారుచేశారు. ఆ పిల్లల తల్లులకు ఆ భాషలలో ఒక కథల పుస్తకం కావాలని అభ్యుదయ రచయితలు అడిగారా? చదవడం రానివాళ్ళకు చదివి వినిపించే గంట ఒకటి పెట్టుకొన్నామా? ఆ గంటలో వాళ్ళ పిల్లలను మగవాళ్ళు చూసుకొన్నారా? ఈ ప్రశ్నలు వేసికొనే విమర్శకు నేను అభ్యుదయ విమర్శ అని పేరు పెడతాను.

ఆమె పెద్దకూతురు తరవాత ఆశ్రమ పాఠశాలలో చదువుకొన్నది. సెలవులకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి, తల్లికి బదులు తాను అంట్లు తోముతానన్నది. నేను వద్దని, ఆ వారం అంట్లు నేనే తోముకొన్నాను. ఇందులో గొప్పతనమేమీ లేదు. ఎప్పుడో చేయవలసిన పని. ఆ వారం ఆ పిల్ల మా వరండాలో కూర్చుని పసుపు మరకల "అమ్మ"ను వాళ్ళమ్మకు పైకి చదివి వినిపించింది. కుండల ఘట్టం దగ్గర తల్లి మళ్ళీ ఆపి, కూలి సంగతి అడిగింది. పిల్ల వెనక్కు పేజీలు తిప్పి వెతికింది. నేను మాత్రం ఆ వారం ఒక్క పేజీ చదవలేదు.