హైజెన్‌బర్గ్ సూక్ష్మదర్శిని: ఒక విమర్శనాత్మక పరిశీలన

చూచుటయే వస్తువును కదిలించును గనుక దేనినీ నిశ్చయముగా ఎరుగలేమని విజ్ఞానశాస్త్రమే ఒప్పుకొన్నదను మాట తరగతులలోను ప్రసంగములలోను వినబడుచున్నది. దీనికి ఆధారముగా చూపునది వెర్నర్ హైజెన్‌బర్గ్ 1927లో ప్రచురించిన వ్యాసము. ఆ వ్యాసము ఇంత భారమును మోయజాలదని మా అభిప్రాయము.

మొదట పదమును చూతము. మనము "అనిశ్చితత్వము" అని తర్జుమా చేయుచున్న చోట జర్మన్ మూలములో ప్రధానముగా రెండు పదములున్నవి. "ఉన్‌గెనావిగ్‌కైట్" అనగా ఖచ్చితత్వము లేకపోవుట. "ఉన్‌బెష్టిమ్ట్‌హైట్" అనగా నిర్ధారితము కాకపోవుట. తెలియకపోవుట మనకు సంబంధించినది, నిర్ధారితము కాకపోవుట వస్తువునకు సంబంధించినది. ఈ రెంటిని కలిపివేయు అనువాదమును లేఖన వ్యాఖ్యానములో మనలో ఎవరమైనను అంగీకరింతుమా?

ఇక సూక్ష్మదర్శిని ఉదాహరణ. ఎలక్ట్రాను స్థానమును చూచుటకు గామా కిరణమును వాడినయెడల ఆ తాకిడికి దాని ద్రవ్యవేగము మారును. అయితే తాకిడి ఎంతో లెక్కింపగలిగిన దానిని తీసివేయవచ్చును గదా! లెక్కింపలేకపోవుటకు కారణము కటకపు వెడల్పు: కాంతి దానిలోని ఏ భాగము గుండ వచ్చెనో తెలియదు. ఈ లోపమును చూపినవాడు నీల్స్ బోర్; హైజెన్‌బర్గ్ వ్యాసాంతమున చేర్చిన అనుబంధములో దానిని ఒప్పుకొనెను. (1923లో డాక్టరేటు మౌఖిక పరీక్షలో విల్హెల్మ్ వీన్ సూక్ష్మదర్శిని విభేదన శక్తిని గూర్చి అడిగినప్పుడును ఆయన తడబడెను.)

అదే 1927లో ఎర్ల్ కెన్నార్డ్ నిరూపించిన అసమీకరణములో తాకిడి ప్రస్తావనయే లేదు. ఒకే రీతిగా సిద్ధపరచిన కణములలో కొన్నింటి స్థానమును, వేరు కొన్నింటి ద్రవ్యవేగమును కొలిచినను, ఆ రెండు విస్తృతుల లబ్ధము h/4π కంటె తగ్గదు. కొలుచుటవలన కలుగు కలత వేరు ప్రశ్న. దానికి మసనావో ఒజావా 2003లో మరియొక అసమీకరణమునిచ్చెను. 2012లో వియన్నాలో న్యూట్రాన్లతో చేసిన ప్రయోగము దానిని సమర్థించి, దోషము, కలతల లబ్ధము పాత హద్దుకు దిగువకు పోగలదని చూపెను. "దోషము"ను వేరుగా నిర్వచించినయెడల పాత రూపమే నిలుచునని 2013లో బుష్, లాహ్తి, వెర్నర్ వాదించిరి. అనగా తగవు నిర్వచనము మీదనే.

హద్దును ఎరిగినవారు కొలుచుట మానలేదు. అమెరికాలోని లైగో పరిశోధనశాలలలో 4 కిలోమీటర్ల భుజములలో 2019 నుండి "పిండిన కాంతి"ని వాడుచున్నారు. కాంతి దశలోని చాంచల్యమును తగ్గించి, దానికి బదులుగా కంపన పరిమితిలోని చాంచల్యమును పెరుగనిత్తురు. ఆ పెరుగుదల 40 కిలోల అద్దములను సహా నెట్టుచున్నది. అందుచేత 2023 నుండి తక్కువ పౌనఃపున్యములలో ఒక విధముగాను, ఎక్కువ పౌనఃపున్యములలో మరియొక విధముగాను పిండుచున్నారు.