రెండు షాట్ల నడుమ నవ్వు

సీసాలు బారులు తీరి వస్తున్నాయి. యంత్రం తన పని తాను చేసుకుపోతోంది. అంతలో ఒక సీసా మెడ విరిగింది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. విరిగిన ముక్కనే పట్టుకుని అదే ఊపుతో, అదే లెక్కతో కదులుతూనే ఉంది. వెనక వస్తున్న సీసాలు ఒకదాని మీద ఒకటి పడి భళ్లున పగులుతున్నాయి. చివరికి పక్కనించి ఒక మనిషి చెయ్యి వచ్చి ఆ ముక్కని తీసేస్తుంది. మళ్లీ అంతా సవ్యంగా సాగుతుంది. ఆ చెయ్యి ఎవరిదో మనకి చూపించరు. దాని గురించి ఒక్క మాట చెప్పరు. అయినా చూసేవాళ్లు పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులో కాస్త ఊరట కూడా ఉంటుంది.

ఇది 1958లో డచ్ దర్శకుడు బెర్ట్ హాన్‌స్ట్రా తీసిన ‘గ్లాస్’లోని సన్నివేశం. సినిమా మొత్తం 11 నిమిషాలే. ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకుంది. దీని పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. లేర్‌డామ్ ఊళ్లోని గాజు కర్మాగారం తమ పని గురించి ఒక ప్రచార చిత్రం తీసిపెట్టమని హాన్‌స్ట్రాని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. పని చూస్తూ చూస్తూ కొలిమి దగ్గర గాజు ఊదేవాళ్ల మీద మనసు పడ్డాడు. ప్రచార చిత్రంతో పాటు, తనకి నచ్చినట్టు ఇంకొకటి తీసుకునే అవకాశం సంపాదించాడు. ఆ రెండోదే ‘గ్లాస్’.

అందులో వ్యాఖ్యానం లేదు, జాజ్ సంగీతం ఉంది. పొడవాటి గొట్టం కొసన ఎర్రగా కాలిన గాజు ముద్ద. దాన్ని తిప్పుతూ, ఊదుతూ, మళ్లీ తిప్పే పనివాళ్లు. నాదస్వరం ఊదే విద్వాంసుడి బుగ్గల్లా వాళ్ల బుగ్గలు పొంగుతాయి, తగ్గుతాయి, మళ్లీ పొంగుతాయి. హాన్‌స్ట్రా ఆ బుగ్గల కదలికని సంగీతంలోని ఊపిరికి సరిగ్గా జతచేశాడు. ఒక బుగ్గ ఉబ్బిన క్షణానికి ఒక స్వరం, వేళ్లు గొట్టాన్ని తిప్పే తీరుకి ఒక లయ. కాసేపటికి వాళ్లు గాజు ఊదుతున్నారా, వాద్యం వాయిస్తున్నారా అన్న తేడా చెరిగిపోతుంది. పనివాడిని కళాకారుడని పొగిడే సినిమాలు చాలా ఉన్నాయి. ఇక్కడ పొగడ్త మాటే లేదు. రెండు కదలికల్ని పక్కపక్కన పెట్టాడు, అంతే. మిగతాది మన కళ్లు చేసుకుంటాయి.

నేను ఈ సినిమా ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది: హాన్‌స్ట్రా నవ్వు ఏ షాట్‌లోనూ ఉండదు, రెండు షాట్ల అతుకులో ఉంటుంది. బుగ్గలు ఉబ్బించిన మనిషిని విడిగా చూస్తే నవ్వు రాదు. సీసాలు పగలడం విడిగా చూస్తే నష్టం. ఒకదాని తర్వాత ఒకటి, ఎంతసేపు, ఎక్కడ తెగాలి అన్న లెక్కలోనే హాస్యం పుడుతుంది. కూర్పు బల్ల దగ్గర కూర్చుని ఒక్కో ఫ్రేమునీ తూచి చూసే మనిషికే అది దొరుకుతుంది.

డచ్చివాళ్లకి ఒక నానుడి ఉంది. ‘మామూలుగా ఉండు, అదే కావలసినంత పిచ్చి’ అని దాని భావం. గొప్పలకి పోవద్దు, ఎవరూ ఎవరికన్నా ఎత్తులో లేరు అని ఆ దేశంలో పిల్లలకి చిన్నప్పటినించీ చెప్పే మాట అది. బయటివాళ్లకి కాస్త కటువుగా వినిపించవచ్చు. అయితే డచ్ హాస్యం మంచి రోజున ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ నానుడిలోని రెండో సగం పట్టుకోవాలి. మామూలుతనంలోనే బోలెడంత పిచ్చి ఉంది, వెతకడానికి వేరే చోటికి పోనక్కర్లేదు అన్నది ఆ సగం. హాన్‌స్ట్రా జీవితమంతా ఆ సగం మీదే పని చేశాడు.

ఆయన పెద్ద విజయం ‘ఫాన్‌ఫేర్’ కూడా 1958లోనే వచ్చింది. ఊరి బ్యాండుమేళం కథ. నీళ్ల ఊరు గీట్‌హోర్న్‌లో తీశారు. గడ్డికప్పుల ఇళ్లు, ఇంటింటి ముందూ కాలవ, ఎటు వెళ్లాలన్నా గడకర్రతో నెట్టే పడవ. సినిమాలో ఆ ఊరికి లాఖెర్‌వీడె అని కల్పిత నామం పెట్టారు. ఊళ్లో ఒకే మేళం ఉంటుంది. పోటీలు దగ్గరపడుతుండగా ఇద్దరు పెద్దమనుషులు మాటా మాటా అనుకుంటారు. మేళం రెండు ముక్కలవుతుంది. ఇక వాద్యాల కోసం లాగులాట, మనుషుల కోసం లాగులాట. ఊరు ఊరంతా రెండు పక్షాలు.

ఇంతవరకూ ఏ పల్లెలోనైనా జరిగే కథే. ముగింపులో హాన్‌స్ట్రా చేసిన పని అపురూపం. మేళాన్ని నడిపించే సంగీతకారుడు ఒకే సంగీత రచనని రెండు భాగాలు చేసి, చెరొక పక్షం చేతా చెరొకటి సాధన చేయిస్తాడు. దేనికది వింటే అరకొరగా ఉంటుంది, ఎక్కడో ఏదో తక్కువైనట్టు ఉంటుంది. రెండు మేళాలూ ఒక్కసారిగా వాయించినప్పుడు ఆ ఖాళీలు పూడి, సంగీతం నిండుగా లేచి నిలబడుతుంది. పగ పెట్టుకున్న మనుషులు తమకి తెలియకుండానే ఒక పాట అయిపోతారు. ‘గ్లాస్’లో తాను కూర్పు బల్ల దగ్గర చేసిన పనే ఇక్కడ కథలో ఒక పాత్ర చేత చేయించాడు. అర్థంకాని రెండు సగాల్ని పక్కపక్కన పెట్టించాడు. సర్దిచెప్పే ఉపన్యాసం ఒక్కటి కూడా లేకుండా తగువు తీరుతుంది.

‘ఫాన్‌ఫేర్’ని దాదాపు 26 లక్షల మంది థియేటర్లకి వెళ్లి చూశారు. అప్పటికి నెదర్లాండ్స్ జనాభా సుమారు కోటీ పది లక్షలు. అంటే నలుగురిలో దాదాపు ఒకరు. యుద్ధం, ఆక్రమణ, కరువు దాటి పదమూడేళ్లయిన దేశం అది. తమ పల్లె, తమ కాలవ, తమ మంకుపట్టు తెరమీద కనిపిస్తే అంతమంది కదిలి వెళ్లారు. వాళ్లని చిన్నబుచ్చే సినిమా అయితే ఆ అంకె సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం. అందులో ఎవరూ విలన్ కారు. పట్టుదలకి పోయినవాడి మొహంలో కూడా దర్శకుడు చిన్నపిల్లవాడి ఉక్రోషం చూస్తాడు.

ఆ వెంటనే ఆయన ఇంకో కథాచిత్రం తీశాడు. ‘డె జాక్ ఎమ్.పి.’, 1960. బ్రస్సెల్స్‌లోని ప్రసిద్ధ బాలుడి విగ్రహం మానెకెన్ పిస్ దొంగతనం చుట్టూ అల్లిన హాస్యం. అది నిలబడలేదు. కథ ముందే నవ్వుకి ఒప్పందం రాసుకుని వచ్చింది, కెమెరా వెతుక్కోవడానికి ఏమీ మిగల్లేదు. ‘ఫాన్‌ఫేర్’లో ఊరు ముందు, కథ తర్వాత. ఇక్కడ వరస తారుమారైంది.

తర్వాత ఆయన మళ్లీ చూపు దగ్గరికే వచ్చాడు. 1962లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాల ఆర్టిస్‌లో కెమెరా దాచిపెట్టి ‘జూ’ అనే చిన్న సినిమా తీశాడు. బోనులో జంతువు, బోను బయట మనిషి. ఒకరి మొహం పక్కన ఇంకొకరి మొహం. కాసేపటికి ఎవరు ఎవరిని చూడ్డానికి వచ్చారో తెలియకుండా పోతుంది. 1963లో అదే పద్ధతిని పూర్తి నిడివికి పెంచాడు. పేరు ‘ఆలెమాన్’, అంటే అందరిలో ఒకడు, మామూలు మనిషి. ఆ ఏడు దేశజనాభా కోటీ ఇరవై లక్షలు దాటింది. ఆ జనమే ఈ సినిమాకి నాయకుడు. బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది, సొంత దేశంలో 16 లక్షల మందికి పైగా చూశారు.

అందులో జాండ్‌ఫోర్ట్ సముద్రతీరం ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. వేసవి, ఇసుక నిండా జనం. స్నానానికి బట్టలు మార్చుకోవాలి, మరుగు లేదు. తువ్వాలు చుట్టుకుని, ఒక అంచు పళ్లతో పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ, లోపలిది తీయాలి, ఇంకొకటి ఎక్కించాలి. ప్రతివాడూ తనని ఎవరూ చూడటం లేదన్న ధీమాతో, ఎంతో గాంభీర్యంగా ఆ పని చేస్తుంటాడు. హాన్‌స్ట్రా తొందరపడడు. ఒక మనిషి అవస్థ చూపించి, అది తీరకముందే ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. మొదటివాడు మొదలుపెట్టినది మూడోవాడు పూర్తిచేస్తాడు. చూస్తుండగా పదిమంది విడివిడి మనుషులు కలిసి ఒకే నాట్యం చేస్తున్నట్టు అవుతుంది. సిగ్గు, పొదుపు, పట్టుదల, పదిమందిలో ఉన్నా ఒంటరిగా ఉన్నట్టు నటించగల నేర్పు: ఒక జాతి స్వభావం ఒక తువ్వాలు చాటున ఇమిడిపోయింది.

వ్యాఖ్యానం రాసింది సీమోన్ కార్మిఖెల్ట్. ‘హెట్ పారోల్’ పత్రికలో క్రోంకెల్ అన్న కలంపేరుతో ఏళ్ల తరబడి కాఫీహోటళ్లలో, వీధుల్లో ఎదురయ్యే మామూలు మనుషుల మీద చిన్న చిన్న ముక్కలు రాసినవాడు. ఇంతకన్నా సరైన జోడీ ఉండదు. మాట బొమ్మ మీద కూర్చోదు, పక్కన నడుస్తుంది. బొమ్మ చాలినచోట నోరు విప్పదు.

దాచిన కెమెరా విషయంలో నాకొక సంకోచం ఉంది, అది చెప్పకుండా మెచ్చుకోవడం సరికాదు. తెలియకుండా మనిషిని పట్టుకోవడమంటే అతని మీద ఎంతో కొంత అధికారం తీసుకోవడమే. తర్వాతి కాలంలో టెలివిజన్ ఈ పద్ధతిని మనుషుల్ని ఇరుకున పెట్టడానికి వాడుకుంది. హాన్‌స్ట్రా ఎవరికీ ఉచ్చు బిగించడు. అరటితొక్క వేసి జారేవాడి కోసం కూర్చోడు. జరుగుతున్నదాని ముందు ఓపిగ్గా నిలబడతాడు. కెమెరా ఎత్తు కూడా గమనించండి, మనుషుల కంటి ఎత్తులో ఉంటుంది, పైనించి చూడదు. నవ్వు ఒక మనిషి మీద ఎక్కువసేపు బరువుగా నిలిచే లోపే షాట్ మారిపోతుంది. అది ఆయన మర్యాద. ఆ మర్యాద కత్తెరలో ఉంది.

ఈ చూపుకి మూలం చాలా ముందే కనిపిస్తుంది. 1950లో తీసిన ‘స్పీఖెల్ ఫాన్ హాలండ్’, హాలండ్ అద్దం. పది నిమిషాల సినిమా. కాలవ నీళ్లలో కనిపించే ప్రతిబింబాలనే తీశాడు, కెమెరాని తలకిందులుగా పట్టుకుని. నీళ్లలోని ఇల్లు నిటారుగా నిలబడింది, గాలిమర సరిగ్గా తిరిగింది. కాని గోడలన్నీ కాస్త వణుకుతున్నాయి. మరుసటి ఏడు కాన్ చిత్రోత్సవంలో లఘు చిత్రాల పెద్ద బహుమతి దానికే వచ్చింది. దృఢంగా, క్రమశిక్షణగా కట్టుకున్న దేశాన్ని కొంచెం వణికించి చూపించాడు, అపహసించకుండా. తర్వాత చేసిన పనంతా నాకు ఆ నీళ్లలోనే కనిపిస్తుంది. 1975లో వచ్చిన ‘డోక్టర్ పుల్డర్ జాయిట్ పాపాఫర్స్’ గంభీరమైన కథ. పల్లెటూరి డాక్టరు ఇంటికి పాత స్నేహితుడు వస్తాడు, మత్తుమందుకి అలవాటుపడ్డవాడు. ఆ రాకతో డాక్టరు స్థిరమైన బతుకు నెమ్మదిగా కదిలిపోతుంది. ఇక్కడ నవ్వు లేదు, వణుకు అదే.

ఫ్రెంచి హాస్యబ్రహ్మ జాక్ తాతి 1971లో ‘ట్రాఫిక్’ తీసినప్పుడు మొదట్లో హాన్‌స్ట్రా ఆయనతో కలిసి పనిచేశాడు, మధ్యలో తప్పుకున్నాడు. పారిస్ నించి ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనకి వెళ్లే కారు కథ అది. అందులో రోడ్డు మీద నిలిచిపోయిన కార్ల వరస ఒకటి ఉంది. లోపల మనుషులు ఒక్కొక్కరే. ఒకడు ఆవలిస్తాడు. ఇంకొకడు తీరిగ్గా ముక్కులో వేలు పెట్టుకుంటాడు. ఆ పక్క కారులో మరొకడూ అదే పని, అంతే శ్రద్ధతో. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా నాకు కనిపించేది హాన్‌స్ట్రా పనితనమే. వాళ్లకీ మనకీ మధ్య ఉన్నది కారు అద్దం ఒక్కటే. అది ఉందని వాళ్లకి ధైర్యం.