సడలింపు: ఒక పదవిమర్శ

2020, 2021 సంవత్సరములలో తెలుగునాట మిక్కిలిగా వినవచ్చిన మాట యేది యని యడిగినచో ‘కరోనా’ యనియో, ‘లాక్‌డౌన్’ అనియో పలువురు చెప్పుదురు. అవి రెండును పరభాషలనుండి వచ్చిన పదములు. ఆ విపత్తును గూర్చి మాటలాడుటకై మన భాష తన సొంత సొత్తునుండి వెలికి తీసిన మాట ‘సడలింపు’. పత్రికల శీర్షికలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను, టెలివిజను చర్చలలోను, పాలకేంద్రముల ముంగిటను ప్రజల వివాదమంతయు దీనిచుట్టే తిరిగినది. ఎప్పుడు సడలింతురు, ఎన్ని గంటలు సడలింతురు, దేనికి సడలింతురు అనునవి నాటి ప్రశ్నలు. ఎవరు, ఏ ప్రాతిపదికపై, ఏ వరుసలో అను ప్రశ్నలు అరుదుగా వినవచ్చినవి. దీనికి మాట కూడ ఒక కారణమైనదని మా యభిప్రాయము. దానిని నిరూపించుట ఈ వ్యాసమున మా ప్రయత్నము.

‘సడలు’ అను ధాతువునకు వదులగుట యని యర్థము. ముడి సడలును, పట్టు సడలును, అల్లెత్రాడు సడలును, ధైర్యము సడలును. ఈ ప్రయోగములన్నింటను సడలుట తనంత తాను జరుగుపని. ప్రేరణార్థకమైన ‘సడలించు’ అను రూపమున మాత్రమే ఒక కర్త ప్రవేశించును. ఆ కర్త ముడివేసినవాడు. కట్టబడినవాడు సడలింపజాలడు, సడలింపుమని వేడుకొనును. ఇంకొక విశేషము గమనింపదగును. విప్పిన త్రాడు నేలపై పడును. సడలించిన త్రాడు చేతిలోనే యుండును, కావలసినపుడు మరల బిగింపవచ్చును. శాసనకర్తలకు సరిగా నిట్టి మాటయే కావలసి యుండెను. ఆ విధముగ చూచినచో ‘సడలింపు’ దోషము లేని యనువాదము. మా యాక్షేపణ దాని యశుద్ధతపై గాదు. పాలకునకు సరిపోయిన మాటనే ప్రజయు తన యసహనమును చెప్పుకొనుటకు వాడుకొనవలసి వచ్చినది. అందుచేత వాదము విన్నపమైనది.

దీనితో కలసి మఱి మూడు మాటలు ప్రచారములోనికి వచ్చినవి: మినహాయింపు, వెసులుబాటు, ఎత్తివేత. ‘మినహా’ అరబ్బీనుండి ఉర్దూ మార్గమున మన రెవెన్యూ కచ్చేరీలకు వచ్చిన పదము. లెక్కలోనుండి తీసివేయుట దాని మూలార్థము. మినహాయింపు ఒక వర్గమునకు చెందును, సడలింపు ఒక కాలమునకు చెందును, ఎత్తివేత యందఱకు చెందును. ‘వెసులుబాటు’ ఒక్కటియే పొందువాని వైపునుండి చూచిన మాట. అది త్రాడును గూర్చి గాక, ఊపిరి తిరుగుటను గూర్చి చెప్పును. పత్రికలు ఈ నాలుగింటిని ఒకదానికి బదులొకటిగా వాడినవి. చర్చ చిక్కుపడుటకు ఇంతకంటె సులభోపాయము లేదు.

పల్లెల వాడుక వేఱు. హైదరాబాదునుండి శంకరపల్లికి పోవు త్రోవలోని దొంతన్‌పల్లి మొదలుకొని మొయినాబాదు, చేవెళ్ళ గ్రామములదాక జనులు ఆ కాలమున ‘బంద్ పెట్టిన్రు’, ‘బంద్ తీసిన్రు’ అని పలుకుట మేము విన్నాము. ఈ వాడుకలో తరతమములు లేవు. బందు ఉండును, లేదా తీయబడును. సగము తీసిన బందు ఎట్టిదో ఈ భాషకు తెలియదు. నగరపు చర్చ గంటలను, శాతములను, సరి బేసి దుకాణములను లెక్కించుచుండగా, పల్లె ‘ఉన్నదా, తీసిరా’ అని యొక్క మాటనే యడుగుచుండెను. అధికారుల భాషను అర్థము చేసికొనలేని యజ్ఞానముగా దీనిని భావింపరాదు. పనికి పోవచ్చునా, పోరాదా అని తెలియగోరువానికి సగము జవాబు జవాబు కాదు.

పల్లెకు కట్టడి తెలియనిదియు కాదు. తెలంగాణమున ‘గత్తర’ అను మాట మొదట వాంతిభేదుల జాడ్యమునకు పేరై, పిదప ప్రతి గొప్ప యాపదకును పేరైనది. ఊరికి రోగము వచ్చినపుడు పొలిమేరను కట్టుట, అమ్మకు బోనమెత్తుట పాత యాచారములు. జంటనగరముల బోనముల పుట్టుకను 1813 నాటి మహమ్మారితో ముడిపెట్టి చెప్పుట సుప్రసిద్ధము. ఆ బోనములే 2020లో వీథికెక్కక యిండ్లలో జరిగినవి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. దేశమున అది పదునాలుగు గంటలు, తెలంగాణమున ఇరువది నాలుగు గంటలు. ఆ దినముననే రాష్ట్రప్రభుత్వము 45వ సంఖ్యగల ఉత్తరువుతో లాక్‌డౌన్‌ను ప్రకటించినది. మార్చి 25, శార్వరి నామ సంవత్సరాది దినమున, దేశమంతయు మూతపడినది. శార్వరి యనగా రాత్రి. పంచాంగకర్తలు ఆ పేరును ఎన్నుకొనలేదు గాని, అరువది పేర్ల చక్రము ఆ యేడు ఆ పేరు దగ్గరకు వచ్చి నిలిచినది.

ఆ రోజులలో తెలంగాణమున పెక్కు గ్రామముల వారు ఎవరును చెప్పకుండగనే ఊరి మొగదల ముళ్ళకంపలు, మొద్దులు అడ్డము వేసికొనిరి. ఆ కంపను వేసినవారే తీయగలరు. ఎప్పుడు తీయవలెనో రచ్చకట్టకడ మాటలాడుకొనగలరు. దానిని గూర్చి సడలింపు అను మాట పుట్టలేదు. అట్లని ఈ కంపను కీర్తించుట మా యుద్దేశము గాదు. నగరమునుండి నడచివచ్చిన సొంతవూరివారిని, అన్నదమ్ములను సైతము ఆ ముండ్లు నిలిపినవి. మఱు సంవత్సరము అదే ముళ్ళకంప రాష్ట్రపు సరిహద్దునకు ఎక్కినది. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదు వైద్యశాలలకు వచ్చు రోగుల అంబులెన్సులు పుల్లూరు వద్ద నిలుపబడినవి. మే 14న హైకోర్టు ఆ నిబంధనలపై స్టే విధించువఱకు ఆ వ్యవహారము సాగినది. తన కట్టడి తాను చేసికొనువాడు ఇతరులయెడ దయ గలవాడై యుండునను నియమము లేదు. అయినను, ఆ కట్టడిలో కర్త యెవరో అందఱకు తెలిసియుండెను. మేము చెప్పదలచిన భేదము ఇంతమాత్రమే.

ఇక ‘నిత్యావసరము’ అను మాటను చూతము. చేవెళ్ళ, మొయినాబాదు, శంకరపల్లి ప్రాంతములు హైదరాబాదునకు కూరగాయలు, పూలు అందించు సీమలు. కూరగాయ నిత్యావసరముల పట్టికలో నున్నది. దానికి త్రోవ దొరకినది. ధర సరిగా దొరకినదో లేదో వేఱు విషయము. మార్చి 27న కేంద్రప్రభుత్వము వ్యవసాయపు పనులకును మార్కెట్లకును మినహాయింపు నిచ్చినది. ఇంతటితో రైతు కష్టము తీరినదని చర్చలో పాల్గొన్నవారు తలచిరి. కాని బంతిని, చామంతిని, గులాబిని కోయుటకు అనుమతి యున్నంత మాత్రమున వానిని కొనువాడుండవలెను గదా! గుడులు మూయబడినవి. వైశాఖ మాసపు పెండ్లిండ్లు ఆగినవి. జరిగినవి యేబదిమందితో జరిగినవి. భద్రాద్రి రాముని కల్యాణము సైతము ఏప్రిల్ 2న జనము లేకయే జరిగినది. పూలు తోటలలోనే వాడినవి. జూన్ 8న ఆలయములు తెరువబడినపుడు కేంద్రము విధించిన నియమములలో భౌతికమైన సమర్పణములును, తీర్థప్రసాదముల పంపిణియు వలదని యున్నది. గుడి తెరచుకొన్నదని భక్తుడు సంతసించెను, పత్రికలు సడలింపు అని వ్రాసినవి. పూలతోట వానికి ఆ దినము మునుపటి దినమువంటిదే. అతని నష్టమునకు నిషేధము కారణము గాదు, కావున సడలింపు పరిష్కారము గాలేదు. నిషేధింపబడిన దానిని మాత్రమే సడలింపవచ్చును. ఇతడేమని అడుగవలెను? ఆ చర్చాభాషలో ఇతని ప్రశ్నకు క్రియాపదమే లేదు.

రంగుల విషయమును ఇచటనే చెప్పవలెను. 2020 మే 1న కేంద్రము ప్రకటించిన పట్టికలో తెలంగాణమునందలి ఆఱు జిల్లాలు రెడ్ జోన్లు; అందు రంగారెడ్డి జిల్లా యొకటి. ఈ జిల్లా హైదరాబాదును ఆనుకొనియున్న జిల్లా. ఎల్బీనగరు వీథులకును చేవెళ్ళ పొలములకును ఒకే యెఱుపు పూయబడినది. రోగము జిల్లా యెల్లలను చూచి నడువదు. అట్టి తరి రంగు ఆ యెల్లలను చూచి యేల నిలువవలెనని రైతు విసుగుకొనుటలో అన్యాయమేమియు మాకు కనబడదు. దీనికి ప్రత్యుత్తరముగా వైద్యులు చెప్పిన మాటయు త్రోసిపుచ్చరానిది: నగరమునకు పాలు, కూర మోయు పల్లె నగరమునుండి రోగమును మోసికొని రావచ్చును. రెండు వాదములును బలమైనవే. వీనిని ఎదురెదుట నిలిపి తూచిన చర్చ మాత్రము అరుదుగా కనబడినది. ఎన్ని గంటలు, ఎన్ని దుకాణములు అను లెక్కలోనికి రెండును కరగిపోయినవి.

సడలింపుల వరుసను ఒక పాఠముగా చదివినచో విమర్శకునకు తగిన సామగ్రి దొరకును. 2020 మే 6న మద్యపు దుకాణములు తెఱువబడినవి. ధర నూటికి 16 వంతులు, చవుకరకమునకు 11 వంతులు పెంపబడినది. ఆంధ్రప్రదేశమున రెండు దినములు ముందుగానే తెఱచి, రెండు విడతలుగా ధరను నూటికి 75 వంతులు పెంచిరి. ఇరుగుపొరుగు రాష్ట్రములు తెఱచినపుడు తాము మూసియుంచిన జనము సరిహద్దులు దాటుదురని తెలంగాణప్రభుత్వము కారణము చెప్పినది. రెడ్ జోన్లలోను కట్టడి ప్రాంతములను విడిచి మిగిలిన చోట్ల ఈ యంగళ్ళు తెఱచుకొన్నవి. క్షౌరశాలలు, జిల్లాల బస్సులు మే 19న, గుడులు జూన్ 8న, మెట్రో రైలు సెప్టెంబరు 7న, నగరపు బస్సులు ఆ నెల కడపట తిరిగి వచ్చినవి. ప్రజల పరిహాసమంతయు మొదటి తేదీపై కురిసినది. అది సహజమే, హాస్యమునకు అంతటి యవకాశము మఱి దొరకదు. కాని ఆ నవ్వులో అసలు విషయము జారిపోయినదని మాకు తోచుచున్నది. ఖజానాకు రాబడి కావలెను. దానిని దాచుకొన బనిలేదు. రాబడి యొక ప్రాతిపదిక యైనచో దినకూలి మఱియొక ప్రాతిపదిక యేల కాకపోయెను? నగరపు బస్సుపై నాధారపడి పాచిపనులకు పోవు స్త్రీలు సెప్టెంబరువఱకు నిరీక్షించిరి. వారి నిరీక్షణమును గూర్చిన పరిహాసము లేదు, వాదమును స్వల్పము.

ఈ వరుసకు వెలుపల నిలిచి మాటలాడినవారు ఒక్క కార్మికులే. దొంతన్‌పల్లినుండి శంకరపల్లి మీదుగా ఉత్తరమునకు పోయినచో కంది వచ్చును. అచటి ఐఐటీ ప్రాంగణ నిర్మాణమున నున్న పరరాష్ట్రపు కూలీలు ఏప్రిల్ 29న వేతనములకై, స్వస్థలములకు పంపుటకై ఆందోళనకు దిగిరి. పోలీసులతో ఘర్షణ జరిగినది. మే 1 తెల్లవాఱుజామున లింగంపల్లినుండి ఝార్ఖండమునందలి హటియాకు సుమారు 1200 మందితో ప్రత్యేక రైలు కదలినది. దేశమున వలస కార్మికులకై నడచిన ప్రత్యేక రైళ్ళలో అది మొదటిది. వారు సడలింపు కోరలేదు. కూలి యిండు, ఇంటికి పంపుడు అని రెండు విధ్యర్థక క్రియలతో మాటలాడిరి. తెలుగు రానివారగుటచేత తెలుగు చర్చలోని మాట వారిని పట్టుకొనలేదని యొకరు పరిహసింపవచ్చును; ఆ పరిహాసమున కొంత సత్యము కలదు.

2021లో కథ గంటలలోనికి వచ్చినది. మే 11న మంత్రివర్గము నిర్ణయించి, మఱునాడు పదిగంటలనుండి లాక్‌డౌన్ అని ప్రకటించినది. ఉదయము ఆఱునుండి పదివఱకు సడలింపు. మే 31 నుండి ఒంటిగంటవఱకు, జూన్ 10 నుండి అయిదుగంటలవఱకు. ఇండ్లు చేరుటకు ఇంకొక గంట. జూన్ 20 నుండి పూర్తిగ ఎత్తివేత. నాలుగు గంటలలో జనమంతయు ఒక్కమాఱు సంతకు వచ్చుటచే గుంపు పెరుగునా తగ్గునా అను తర్కము ఆ నెలలో ప్రతి యింట జరిగినది. ఎండ మండిపోవు మే నెలలో తెల్లవాఱుజామున కూరగాయలు తెచ్చి పదిగంటలలోపల అమ్ముకొని మరలిపోవలసిన రైతు మిగిలిన దానిని వచ్చిన ధరకు వదలవలసినదే. కొనువానికి ఆ గంటలు తొందర, అమ్మువానికి నష్టము. ఒకే సడలింపు ఇరువురకు రెండర్థములు. ప్రాణవాయువునకై జనులు పరుగులిడిన ఆ దినములలో కట్టడియే వలదనువాడు వివేకి కాడు. పదిగంటలు ఏల, పండ్రెండు ఏల కాదు అని యడిగినవానిని అవివేకి యనుటయు తగదు.

ఇంతటి మరణముల నడుమ మాటల విచారమేల యని యాక్షేపించువారుందురు. వారికి ‘సామాజిక దూరము’ను జ్ఞాపకము చేయుదుము. అంటరానితనము తలుపుల వెలుపల నింకను నిలిచియున్న దేశములో ఆ యనువాదము ఎంతటి తప్పుదారియో పలువురు వెంటనే గుర్తించి నొచ్చుకొనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2020 మార్చి నెలలోనే ‘భౌతిక దూరము’ అను దానివైపునకు మొగ్గినది. తెలుగు పత్రికలు క్రమముగా మారినవి. ఒక మాట మారుటకు ప్రజలు పట్టుబట్టగలిగిరి. ‘సడలింపు’ను మాత్రము ఎవరును పట్టించుకొనలేదు. అది నొప్పింపని మాట, మీదుమిక్కిలి ఆశ చూపు మాట.

బడుల సంగతి యొకటి మిగిలినది. తొమ్మిదవ తరగతి మొదలుకొని పైవారికి 2021 ఫిబ్రవరి 1న, ఆఱునుండి ఎనిమిదివఱకు అదే నెల 24న తెఱచిన బడులు మార్చి 24న మరల మూయబడినవి. తుదకు సెప్టెంబరు 1న తెఱువబడినవి. అంతకు ముందు నాడే హైకోర్టు, పిల్లలను రమ్మని నిర్బంధింపరాదని యాదేశించినది. సడలింపుల వరుసలో చిన్నపిల్లల బడి చిట్టచివర నిలిచినది. మద్యశాలకును బడికిని నడుమ పదునాఱు నెలల దూరము. దూరదర్శన్ యాదగిరి పాఠములు ఆ దూరమును పూడ్చజాలవని, ఇంట ఒక్క ఫోను గల తల్లిదండ్రులు ఎవరును చెప్పకయే యెఱుగుదురు. నాటి ప్రకటనలలో ‘ప్రత్యక్ష తరగతులు’ అను నూతన సమాసము కనబడును. అంతకు పూర్వము తరగతికి ‘ప్రత్యక్ష’ అను విశేషణమే యక్కఱలేదు. దొంతన్‌పల్లి త్రోవలో ఆ యుదయము మాకు వినబడినది ఆ సమాసము గాదు, సడలింపును గాదు. ‘బళ్ళు తెరిచిన్రు’ అను రెండు మాటలే.