ఒక్క టిక్కెట్టుకి అయిదు సినిమాలు

పొయ్యిలోకి కట్టెలు లేకపోతే ఆ దెయ్యం తన కాళ్ళే చాపి పొయ్యిలో పెట్టి వంట కానిచ్చేస్తుంది. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లోని ఈ ఘట్టం చూడనివాళ్ళు, కనీసం విననివాళ్ళు మా కొల్లేటి లంకల్లో నా వయసువాళ్ళలో దొరకరు. చూసి జడుసుకున్నారా, నవ్వారా అని అడిగితే ఎవరూ తేల్చి చెప్పలేరు. రెండూ ఒకేసారి జరిగాయి మరి. నా పక్కన కూర్చున్న మేనత్త అయితే మూడో పని చేసింది. “కట్టెలైపోయిన కొంపలో ఆ మాత్రం తెలివుండాలి” అని దెయ్యాన్ని మెచ్చుకుంది.

ఈ రకం సినిమాల మీద నాకున్న మోజు ఇంట్లోవాళ్ళకి మింగుడుపడదు. కత్తియుద్ధం మధ్యలో కంకాళం లేస్తుంది. దాని మీదికి అమ్మవారి త్రిశూలం రావాలి గానీ, ఈలోపు ఇద్దరు హాస్యగాళ్ళు అడ్డం పడతారు. వాళ్ళు పక్కకి తప్పుకోగానే డాన్సు. “తలా తోకా లేదు నాన్నా” అంటుంది మా అమ్మాయి. రెండూ ఉన్నాయమ్మా, మధ్యలో ఇంకో నాలుగు జంతువులు కూడా ఉన్నాయి, అంతే తేడా అంటాను.

అన్ని జంతువులు ఎందుకు? నాకు తోచిన జవాబు డేరాలో ఉంది. అప్పట్లో మా ఊళ్ళో సినిమా అంటే టూరింగ్ టాకీసే. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేట్లో పడే రోజుల్లో డేరా ఎత్తేసేవారు, కోతలయ్యాక మళ్ళీ వేసేవారు. ఏలూరులో ఉన్నవాడు ఈ హాల్లో కుటుంబ కథ నచ్చకపోతే ఆ హాల్లో ఫైటింగు సినిమాకి పోగలడు. మాకా వీలు లేదు. ఉన్నది ఒకే తెర, దాని మీద ఒకే బొమ్మ. ఆ బొమ్మ ముందు ఊరంతా నేల మీద కూర్చోవాలి. ముసలమ్మకి దేవుడు కనపడాలి. కుర్రాళ్ళకి కత్తులూ జయమాలిని డాన్సూ కావాలి. ఇల్లాళ్ళకి సవతి పీడ విరగడవ్వాలి. పిల్లలకి దెయ్యం చాలు. వీళ్ళలో ఒక్కరు పెదవి విరిచినా మర్నాటి ఆటకి ఆ ఇంటి నుంచి ఎవరూ రారు. అమెరికాలో ఒక టిక్కెట్టు మీద రెండు సినిమాలు వేసే రోజుల్లో పెద్ద సినిమాకి తోడుగా చవగ్గా తీసిన రెండోదాన్ని బి మూవీ అన్నారు. మనవాళ్ళు ఆ రెండోదాన్నీ మూడోదాన్నీ మొదటిదాని కడుపులోనే పెట్టేశారు.

ఈ లెక్క బి. విఠలాచార్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1920లో ఉడిపి ప్రాంతంలో పుట్టిన ఆయన హోటల్ నడిపాడు, ఆ తర్వాత స్నేహితులతో కలిసి టూరింగ్ టాకీస్ నడిపాడు. కన్నడంలో సినిమాలు తీసి, మద్రాసు వచ్చి మనకి జానపద బ్రహ్మ అయ్యాడు. ఏ రీలు దగ్గర జనం కదలకుండా కూర్చుంటారో, ఏ రీలు దగ్గర బీడీ కోసం లేస్తారో డేరాలో ఉండి చూసినవాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ‘అగ్గి పిడుగు’, ‘అగ్గి బరాటా’, ‘అగ్గి దొర’, ‘అగ్గి వీరుడు’ అని పేరు ముందు నిప్పు పెట్టి వరసగా వదిలాడు. హీరో డేట్లు ఇవ్వకుండా విసిగిస్తే కథలో మాంత్రికుడి చేత అతన్ని చిలకనో మేకనో చేయించి షూటింగు ముగించేవాడని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆయన సినిమా చూసినవాళ్ళెవరూ దీన్ని కాదనరు.

మనిషిని చిలక చేసే ఆ పని ఎంత సులువో చూడండి. నటుణ్ణి కదలొద్దని కెమెరా ఆపుతారు. అతను పక్కకి తప్పుకుంటాడు. అక్కడ చిలకని పెట్టి మళ్ళీ కెమెరా తిప్పుతారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా వెనకున్న స్తంభం గెంతుతుంది. గెంతిన స్తంభాన్ని నేను చాలాసార్లు చూశాను. కంకాళానికి కట్టిన తీగ కూడా కనిపించేది. తీగ కనపడిందని ఎవరం టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. తోలుబొమ్మలాటలో లంక తగలబడుతుంటే మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి తిట్టుకున్నా రామాయణానికి ఏమీ కాదని తరతరాలుగా ఒప్పుకున్న జనం మేము.

కత్తి దగ్గర మాత్రం మోసం కుదరదు. గోదావరి జిల్లాల్లో కర్రసాము, కత్తిసాము ఎరిగిన కళ్ళు చాలానే ఉన్నాయి. అమలాపురం దసరాకి చెడీ తాలింఖానా చూసినవాడు, కళ్ళకి గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కాయని నరికే మనిషిని చూసినవాడు, తెర మీద చెయ్యి తేలిపోతే ఊరుకోడు. అందుకే కాంతారావు ‘కత్తి కాంతారావు’ అయ్యాడు. ‘గురువును మించిన శిష్యుడు’, ‘జ్వాలాద్వీప రహస్యం’ లాంటివాటిలో కథ ఎటు పోతున్నా ఆయన మణికట్టు తప్పుదారి పట్టదు. మాంత్రికుడి సంగతీ అంతే. 1951లో ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు ఆ వేషానికి కొలత పెట్టేశాడు. ఆ వేషం కట్టిన ఎస్వీ రంగారావు పుట్టింది నూజివీడులో. 2022లో జిల్లాలు మార్చాక నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఆయన మావాడేనని ఇప్పుడు మేం ధైర్యంగా చెప్పుకోవచ్చు.

అయితే అన్నీ కలిపేస్తే సరిపోదు. కలిపినవి ఒకదాని పని ఒకటి చెయ్యాలి. విఠలాచార్య ‘జగన్మోహిని’లో దెయ్యం సంసారంలోకి దూరుతుంది. దెయ్యం కథ మొత్తం సవతి కథ అయిపోతుంది. ఆ రెంటినీ విడదీస్తే దేనికీ ప్రాణం ఉండదు. దాన్ని చూసి తీసినవాటిలో ఎక్కువ భాగం, ఆయన సొంతంగా మళ్ళీ తీసినవాటిలో కూడా కొన్ని, దెయ్యాన్ని ఒక గదిలో, కత్తిని ఇంకో గదిలో పెట్టి మధ్యలో డాన్సుతో గోడ కట్టాయి. ఆడదాన్ని అయితే పతివ్రత, లేకపోతే పిశాచం చేసి వదిలేసే బద్ధకం మాత్రం అన్నిట్లోనూ ఉంది. ఆయన మీద ఎంత ఇష్టమున్నా దాన్ని మెచ్చుకోలేను.

హాంకాంగ్‌వాళ్ళు ఇదే కూర్పుని ఇంకో దారిలో పట్టుకున్నారు. 1974లో ఇంగ్లండు హేమర్ కంపెనీ, హాంకాంగ్ షా బ్రదర్స్ కలిసి డ్రాక్యులాని చైనా పంపి కుంగ్‌ఫూవాళ్ళ చేత తన్నించాయి. పీటర్ కుషింగ్ పెద్దమనిషిలా నడుస్తుంటాడు, పక్కన డేవిడ్ చియాంగ్ గాల్లో ఎగురుతుంటాడు, ఇద్దరూ వేరే వేరే సినిమాల్లో ఉన్నట్టే ఉంటుంది. 1985 నాటి ‘మిస్టర్ వాంపైర్’ అలా కాదు. శవాలు చేతులు చాచి గెంతుకుంటూ వస్తాయి. నుదుట పసుపు కాగితం మీద మంత్రం రాసి అంటిస్తే ఆగుతాయి. మనుషులు ఊపిరి బిగబడితే కనిపెట్టలేవు, దాంతో ప్రతి తన్నులాటలోనూ ఊపిరి బిగపట్టడమే అసలు ఫైటు అవుతుంది. శవం గోరు తగిలితే విరుగుడు జిగురు బియ్యం. కొట్టువాడు అందులో మామూలు బియ్యం కలిపేస్తాడు, మందు పనిచెయ్యదు. బియ్యం మిల్లుల మధ్య బతికే తాడేపల్లిగూడెంలో ఓ స్నేహితుడి ఇంట్లో అద్దె క్యాసెట్ మీద ఇది చూశాం. సబ్‌టైటిల్స్ చదవడం రాని వాళ్ళ నాన్నగారు ఆ కల్తీ దగ్గర పడీ పడీ నవ్వారు. ఆ ఊళ్ళోనే హాస్యనటుడు రేలంగి సినిమా హాలు కట్టించాడు. ఆ హాస్యం ఆయనకి కూడా నచ్చేదనుకుంటాను.

ఈ విద్య మన దగ్గర పోయిందనే మాట నేను ఒప్పుకోను. ‘అరుంధతి’ (2009)లో జేజెమ్మ నాట్యమాడుతూనే మాంత్రికుణ్ణి పడగొడుతుంది, మంత్రం చదవకుండా నాలుక కోసేస్తుంది. నాట్యం, యుద్ధం, దెయ్యం ఒకే దెబ్బలో ఉన్నాయి. తీసిన కోడి రామకృష్ణది పాలకొల్లు. సీమ కక్షల మధ్యలోకి జాంబీలని తోలి 2021లో ‘జాంబీ రెడ్డి’ తీసిన ప్రశాంత్ వర్మదీ పాలకొల్లే. మొదటిదానికి ఖర్చు ఎక్కువైనా రెంటి వంశమూ డేరాదే.

ఒక్క మనవి. ఈ సినిమాలు ఇప్పుడు యూట్యూబులో దొరుకుతున్నాయి. ఎగతాళికి ముక్కలు కత్తిరించి పంపుకునేవాళ్ళే ఎక్కువ. ఫోనులో ఒక్కరే చూస్తే ఎగతాళే మిగులుతుంది, ఎందుకంటే ఇవి ఒక్కరి కోసం తీసినవి కావు. ఓ ఆదివారం టీవీలో పెట్టి, ఇంట్లో పెద్దావిడనీ పిల్లల్నీ పిలిచి, మొదటి నుంచి చివరిదాకా చూడండి. మీకు విసుగొచ్చిన చోట వాళ్ళలో ఒకరైనా లేచి కూర్చోకపోతే నాకు ఉత్తరం రాయండి.