గోదాముకు పిల్లి

ఎలుకలు పడ్డాయంటే బెంగాల్‌లోని మా మలంచాలో బియ్యం కొట్లవాళ్లు ముందు తెచ్చేది మందు బిళ్లలే. నాలుగైదు రోజులకు బస్తాల సందున కంపు మొదలవుతుంది. ఎక్కడో తెలియదు, అట్టీ అంతా దించితే గానీ కనబడదు. మందు తిని తూలుతున్న ఎలుకను పిల్లి పట్టిందా, దాని ప్రాణానికీ ముప్పే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. అందుకే నా ఓటు పిల్లికి. తేవడం తేలికే, నిలబెట్టుకోవడమే అసలు విద్య.

ఇక్కడ పిల్లిని కాగితాలు రాసి దత్తత ఇచ్చేవాళ్లెవరూ లేరు. రైల్వే క్వార్టర్ల వెనక తిరిగేదాన్ని గోనెసంచిలో పట్టుకొచ్చి గోదాములో వదిలేస్తారు. తెల్లారేసరికి అది ఉండదు. మా వీధి బియ్యం వ్యాపారిది తాతల నాడు శ్రీకాకుళం నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. ‘‘పాలోసినా ఎల్లిపోనాది బాబూ’’ అని ఆయన గోడు.

పోక ఏం చేస్తుంది? పిల్లికి మనిషి కన్నా చోటు ముఖ్యం. చికాగోలో ట్రీ హౌస్ అనే సంస్థ ఇళ్లలో ఇమడని వీధి పిల్లులను గిడ్డంగులకు ఇస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించి, ఒంటరిగా కాక జతగా పంపుతారు. వెళ్లిన చోటు అలవాటయ్యేలా కొన్ని వారాలు అక్కడ బోనులోనే ఉంచుతారు.

మా వ్యాపారి చేత ఈసారి అదే చేయించాను. తవుడు బస్తాల పక్కన పెద్ద జాలీ బోను, సగానికి గోనె కప్పు, మూల ఇసుక పళ్లెం, రెండు పిల్లులు. వేళకు చేప తలకాయ కలిపిన అన్నం. మొదట్లో మనిషి అలికిడికే బుస్సుమని గోనె చాటుకు దూరేవి. మూడు వారాలు దాటాక కూలీలు బస్తా ధబ్బున దించినా చెవి మాత్రమే తిప్పేవి. అప్పుడు తలుపు తీశాం. బస్తా బస్తా వాసన చూసుకుంటూ గోదాము చుట్టి, మళ్లీ బోనులోకే వచ్చి పడుకున్నాయి.

ఆకలేస్తేనే వేటాడుతుందని కడుపు మాడ్చేవాళ్లున్నారు. 1868లో లండన్ తపాలా శాఖ కూడా మూడు పిల్లులకు కలిపి వారానికి ఒక షిల్లింగు మంజూరు చేసి, మిగతాది ఎలుకలతో సరిపెట్టుకోమంది. పిసినారి లెక్క! తెనాలి రామకృష్ణుడి కథలో రాయలవారు నయం, పిల్లితో పాటు పాల కోసం ఆవునూ ఇచ్చారు. కడుపు నిండిన పిల్లీ కదిలేదాని మీదికి దూకుతుంది. మాడిన పిల్లి ఇంకో గుమ్మం వెతుక్కుంటుంది.

అలాగని పిల్లి అన్నిటికీ మందు కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక చెత్త కేంద్రంలో పరిశోధకులు కెమెరాలు పెట్టి చూసి 2018లో ఫలితాలు అచ్చువేశారు: 79 రోజుల్లో పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే. తక్కినవి దాక్కుని తిరగడం నేర్చాయి. బెంగాల్ గోదాముల్లో బలిసిన పందికొక్కు ఎదురైతే మన పిల్లీ పక్కకు తప్పుకుంటుంది. చుంచులు, ఎలుక పిల్లలే దాని వంతు. పందికొక్కుకు మాత్రం కన్నాలు సిమెంటుతో పూడ్చాలి, బస్తాలను గోడకు ఎడంగా చెక్కల మీద పేర్చాలి.

పిల్లి షష్ఠీదేవి వాహనమని ఇక్కడి బెంగాలీలు దాన్ని కొట్టరు. మా వ్యాపారికేమో బోణీ వేళ అది ఎదురొస్తుందని బెంగ. షట్టరు ఎత్తకముందే వెనక గుమ్మంలో వాటికి అన్నం పెట్టించేస్తున్నాడు.