ఆమె ఊపిరీ విద్యే

పల్నాడు జిల్లా నాదస్వరం అనగానే చిలకలూరిపేట ఆదం సాహెబ్‌నీ, ఆయన దగ్గర నేర్చిన షేక్ చినమౌలానానీ తలుచుకుంటాం. మరి కాలీషాబీ? ఆమె చినమౌలానా శిష్యురాలు. 2020 సంవత్సరానికి భర్త మహబూబ్ సుభానీతోపాటు పద్మశ్రీ అందుకున్న విద్వాంసురాలు. అయినా మెచ్చుకోలంతా 'ముస్లిం అయ్యీ గుళ్లో వాయిస్తుంది', 'భర్తకు తగ్గ జోడీ' దగ్గరే ఆగుతుంది. రాగాన్ని ఆమె ఎలా పెంచుతుందో ఎవరు చర్చించారు?

నల్లజాతి స్త్రీల విషయంలో ఆ చర్చ జరిగింది. మా రైనీ, బెస్సీ స్మిత్‌ల బ్లూస్ పాటలు ఉత్త ఏడుపులు కావనీ, వాటిలో స్త్రీల సొంత ఆలోచన ఉందనీ 1998లో ఏంజెలా డేవిస్ పుస్తకమే రాసింది.

మాకూ అలాంటి విమర్శే కావాలి. మమ్మల్ని మతసామరస్యానికి బొమ్మలుగా నిలబెట్టే చప్పట్లు చాలు. మా ఆడవాళ్ల ఊపిరిని విద్యగా వినండి.