ప్లగ్గు రంగు చదివిన చేతులు

ఆదివారం పొద్దున్నే వాకిట్లో పాత గోనెసంచి పరుచుకుని బజాజ్ చేతక్ ముందు కూర్చునే ఇంటి పెద్ద నా దృష్టిలో మంచి వైద్యుడు. 1972లో వచ్చిన ఆ టూ-స్ట్రోక్ స్కూటరు మన ఇళ్లలో అన్నేళ్లు నడిచిందంటే సగం పుణ్యం ఆ చేతులదే.

ప్లగ్గు విప్పగానే నాడి దొరికేది. కొస బిస్కెట్ రంగులో ఉంటే ఇంజను బాగున్నట్టు. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైనట్టు. తెల్లగా పాలిపోతే మితిమీరి వేడెక్కుతున్నట్టు. గరుకు కాగితంతో మసి గీకి, పెట్రోలుతో కడిగి, సందులో హాక్సా బ్లేడు దూర్చి చూసేవారు. ఆ బ్లేడు మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు, ప్లగ్గుకు కావలసిన ఎడమూ దాదాపు అంతే.

క్లచ్ కేబుల్ బిగుసుకుంటే పై కొసకు పాలిథిన్ ముక్కను గరాటులా చుట్టి కట్టి, నాలుగు చుక్కల నూనె పోసేవారు. రాత్రంతా అది బొట్టుబొట్టుగా దిగేది. తెల్లారేసరికి లివరు తేలిగ్గా ఆడేది.

వస్తువు మీద గౌరవం ఉన్నవాళ్లకే ఈ ఓపిక వస్తుంది. మీ ఇంట్లో పాత బండి మూలన పడి ఉంటే, పాత ఇనుముకు వేసేముందు ఒక్కసారి దాని ప్లగ్గు విప్పి చూడండి.